ఇత్తడి ఈల

గుణుపురం బజారులో మా తాత కొట్టు.
తలుపు పైన మూడు లిపులు, మూడూ సగం చెరిగినవే.
లోపల తుపాకి నూనె వాసన,
లైసెన్సు పుస్తకాల దొంతి మీద ఒక బల్లి.
బల్ల మీద గుడ్డ పరిచి
పాత్రోగారబ్బాయి నాలుగు తూటాలు నిలబెట్టాడు,
బరంపురం నించి అందుకే పనిగట్టుకుని వచ్చి.

"ఇదిగో తాతగారూ, ఆరున్నర మిల్లీమీటర్లది.
సన్నం, పొడుగు. గాలిని కోసుకుంటూ పోతుంది.
మూడొందల గజాల దగ్గర
ఓ మోస్తరు గాలికి జానెడు కూడా జరగదు.
మరి మీ మూడు-పదిహేను?"

"జరగడం కాదు బావూ, ఒరిగిపోద్ది.
పెళ్లి భోజనం చేసిన వియ్యంకుడి నడక దానిది."

ఫోను తీసి పట్టిక చూపించాడు.
దూరానికొక అంకె, పతనానికొక అంకె.
మూడు-పదిహేను రెండడుగులు దిగుతుంది.
థర్టీ నాట్ సిక్స్ అడుగు పైన,
దాని తన్నుకు మాత్రం భుజం వారం రోజులు కమిలి ఉంటుంది.
పాయింట్ టూ టూని ఆ వరసలో నిలబెట్టడమే దండగ అన్నాడు.
నేనేమీ అనలేదు.
కటకం పోటీలో నా పతకం దానిదే,
యాభై మీటర్లలో, కాగితం మీద, మినపగింజంత నలుపులో.

తాత వేలితో మూడు-పదిహేనుని పడుకోబెట్టాడు.
"వేట చట్టం రాకముందు మాట.
గెడ్డ అవతల కణుజు. రెండొందల గజాలనుకున్నాను.
మూడొందలుంది.
కొమ్ముల మధ్య ఆకాశం కనబడింది గాని
దాని ఊపిరి కనబడలేదు నాకు.
ముందుకాలికి తగిలింది."

రెండు రోజులు.
సవర సుకురు ముందు, తాత వెనక.
ఆకు మీద నెత్తుటి బొట్టు ఎండితే ఒక రంగు,
మంచుకి తడిస్తే ఒక రంగు,
సుకురు రెండూ నాలిక్కి రాసుకుని చూసేవాడట.
రెండో తెల్లారి పొగమంచు దిగి
మనిషికి మనిషి కనబడలేదు.
అప్పుడు సుకురు ఆ ఖాళీ తూటానే
కింది పెదవికి ఆన్చి ఊదాడు.
ఆ ఈల పట్టుకుని తాత నడిచాడు.
ముందు సుకురు కనబడ్డాడు. వాడి పక్కన కణుజు,
పడుకుని, ఇటే చూస్తూ.

"మూరెడు దూరం నించి
ఏ తూటా అయినా ఒకటే బావూ."

కొట్టులో ఫ్యాను తిరుగుతోంది.
పాత్రోగారబ్బాయి ఫోను తెర ఆరిపోయింది,
మళ్లీ వెలిగించలేదు.

తాత కింది అరలోంచి బిస్కెట్ల డబ్బా తీశాడు.
అన్నీ ఖాళీవి, మందు పొగకి నల్లబడ్డ ఇత్తడి.
ఒక్కొక్కటి పెదవికి ఆన్చాడు.
టూ టూది పిట్టపిల్ల అరుపు.
థర్టీ నాట్ సిక్స్‌ది స్టేషనుకి ఇంకా రాని రైలు.
మూడు-పదిహేను ఊదినప్పుడు
వీధిలో టీ కొట్టు కుర్రాడు తిరిగి చూశాడు.

"నీ ఆరున్నర నిండుగా ఉంది," అన్నాడు తాత.
"కాల్చేక ఖాళీది పంపు.
దాని గొంతు విన్లేదు నేను."

పంపాడు. నెలన్నర పట్టింది.
అప్పటికి ఎన్నికలొచ్చి
ఊళ్లో తుపాకులన్నీ ఠాణాలో చీటీలు కట్టుకుని పడుకున్నాయి.
కొట్టులో పని లేదు.
తాత రెండుసార్లు ఊదాడు. మూడోసారి నాకిచ్చాడు.
"బాగుంది గాని మంచులో కొండ దాటదు," అన్నాడు.

నాకు నచ్చింది.
ఆ మాట ఆయనతో అనలేదు.
డబ్బాలో వేయకుండా జేబులో వేసుకున్నాను.
వచ్చే పోటీకి పాత్రో తన రైఫిలు ఇస్తానన్నాడు, క్లబ్బు వాళ్లు ఒప్పుకున్నారు.
మూడొందల మీటర్లు. కాగితం.
దానికి ఊపిరుండదు కాబట్టి
నాది బిగబట్టుకుంటాను.